మూత్రంలో మంటకి ఏ యాంటీబయోటిక్? పవర్ చూసి కాదు, చోటు చూసి

మన గోదావరి జిల్లాల్లో ఒంటికి వెళ్ళేటప్పుడు మంటగా ఉందంటే ఇంట్లో మొదట వినపడే మాట "వేడి చేసింది". సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, రెండు కొబ్బరి బొండాలు కొట్టిస్తారు. నీళ్ళు తక్కువ తాగి మూత్రం చిక్కబడి వచ్చిన మంటయితే వాటితోనే సర్దుకుంటుంది, అందులో తప్పేం లేదు. అలా కాకుండా పది నిమిషాలకోసారి బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తూ, వెళ్ళినా నాలుగు చుక్కలే వస్తూ, పొత్తికడుపు పట్టేసినట్టు ఉండి, మూత్రం మడ్డిగానో ఎర్రజీరతోనో వస్తుంటే అది వేడి కాదు, ఇన్‌ఫెక్షన్. అప్పుడు మెడికల్ షాపుకి వస్తారు. కౌంటర్ వెనక నిలబడి నేను వినే మాట దాదాపు ఒక్కటే: "మంటకి కాస్త పవర్ ఉన్న బిళ్ళ ఇవ్వండి."

ఇక్కడ చూడాల్సింది పవర్ కాదండీ. క్రిమి మూత్రాశయంలో ఉందా, కిడ్నీ దాకా ఎక్కిందా అన్నది ముందు చూడాలి. ఆ తర్వాత, ఆ క్రిమి మన దగ్గర ఏ మందుకి లొంగుతోంది, వేసుకునే మనిషి పరిస్థితి ఏమిటి అన్నవి. ఇవి తేలితే చాలా కేసుల్లో మందు కూడా తేలిపోతుంది, అదీ చాలామంది అనుకునే "పెద్ద మందు" కాదు, డెబ్బై ఏళ్ళ నాటి పాత మందు.

ఇది చదివి ఎవరికి వాళ్ళు కొనుక్కోమని చెప్పడం లేదు. ఈ మందులన్నీ డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సినవే, స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్ర గీత వేసేది అందుకే. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో, చీటీలో ఫలానా మందు ఎందుకు రాశారో మీకు అర్థం కావాలని రాస్తున్నాను. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఈ విషయం డాక్టర్‌తో చెప్పడానికే సిగ్గుపడి, ఇంట్లో మగపిల్లాడిని షాపుకి పంపి, వాడు సగం చెప్పీ సగం చెప్పకా ఏదో బిళ్ళ పట్టుకెళ్ళడం రోజూ చూస్తున్నాను, చూసి బాధపడుతున్నాను. ఆడవాళ్ళల్లో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. మూత్రనాళం నాలుగు సెంటీమీటర్ల పొడవే కాబట్టి పేగుల్లో ఉండే క్రిమి తేలిగ్గా పైకి ఎక్కుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ముందు ఎక్కడుందో తేల్చుకోండి

మంట, తొందర, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపు నొప్పి, అంతే తప్ప జ్వరం లేదంటే సాధారణంగా మూత్రాశయంలోనే ఉన్నట్టు. చలితో వణికించే జ్వరం, నడుముకి పైన పక్కటెముకల కింద ఒకవైపు నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీ దాకా వెళ్ళినట్టు అనుమానించాలి. ఈ రెండిటికీ వాడే మందులు వేరు. కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కి మూత్రాశయం మందు వేసుకుంటే మంట తగ్గినట్టే ఉంటుంది, లోపల జబ్బు ముదురుతుంది. వణుకుతో జ్వరం ఉన్నవాళ్ళు, వాంతులతో బిళ్ళ నిలవనివాళ్ళు షాపు దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి, మొదట ఒకటి రెండు రోజులు ఇంజెక్షన్ పడాల్సి రావచ్చు.

అసలు ఇన్‌ఫెక్షనే కానివీ ఉన్నాయి. దురద ఎక్కువగా ఉండి, తెల్లగా పెరుగు విరిగినట్టు అవుతోందంటే అది ఫంగస్, దానికి యాంటీబయోటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది. సుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళల్లో ఇది బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మందులు చక్కెరని మూత్రంలోకి పంపేస్తాయి, అక్కడ ఫంగస్‌కి అదే తిండి. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ అయిపోయి చవకైన దగ్గర్నుంచి మన దగ్గర వాడేవాళ్ళు బాగా పెరిగారు. మీ సుగర్ చీటీలో ఆ పేర్లుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఇక నడుము నుంచి గజ్జల్లోకి మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి రాయి కావచ్చు, స్కానింగ్ లేకుండా తేలదు.

నైట్రోఫ్యూరాంటాయిన్

జ్వరం లేని, గర్భిణి కాని, కిడ్నీ బాగున్న మహిళకి మూత్రాశయం ఇన్‌ఫెక్షన్ వస్తే నేను మొదట చీటీలో చూడాలనుకునే పేరు ఇది. 1953 నుంచి వాడుకలో ఉంది. మింగాక రక్తంలో పెద్దగా నిలవకుండా నేరుగా మూత్రంలోకి దిగి అక్కడ గాఢంగా పేరుకుంటుంది. క్రిమిని ఒక్క చోట కాకుండా ఒకేసారి చాలా చోట్ల దెబ్బకొడుతుంది కాబట్టి, ఇన్నేళ్ళయినా ఈ. కోలై (పేగుల్లో ఉండే క్రిమి) దీనికి పెద్దగా అలవాటు పడలేదు. మూత్రాశయం ఇన్‌ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకి పైగా ఈ ఈ. కోలై వల్లనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మెల్లగా కరిగే రకం 100 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. స్ట్రిప్పు మీద పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎమ్‌ఆర్ అనో ఉంటే అది మెల్లగా కరిగే రకం, విరిచి వేసుకోకూడదు. ఆ అక్షరాలు లేనిదైతే రోజుకి నాలుగుసార్లు వేసుకోవాల్సి రావచ్చు, కాబట్టి షాపులో ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే డాక్టర్‌ని అడగకుండా తీసుకోవద్దు. అన్నం తిన్న వెంటనే వేసుకోండి, ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తుంది, పైగా తిండితోనే బాగా ఒంటబడుతుంది. మూత్రం ముదురు పసుపుగా, గోధుమరంగులో వస్తుంది. అది మందు రంగే, టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి.

దీనితో రానిదేమిటంటే, తలకాలువ నిండుగా పారుతున్నా శివారు చేనికి నీరు అందనట్టు, మూత్రంలో ఎంత నిండుగా ఉన్నా కిడ్నీ కండలోకి, మగవాళ్ళ ప్రోస్టేట్‌లోకి ఈ మందు ఎక్కదు. జ్వరం ఉన్న కేసుకి ఇది పనికిరాదు. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 45 కంటే తక్కువుంటే మామూలుగా ఇవ్వరు, 30 కంటే దిగితే అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్ళకి రక్తకణాలు విరిగిపోతాయి కాబట్టి ఇవ్వకూడదు. ప్రోటియస్ అనే క్రిమికి ఇది పుట్టుకతోనే పనిచేయదు. నెలల తరబడి వాడితే ఊపిరితిత్తులకి, లివర్‌కి, నరాలకి ఇబ్బంది రావచ్చు, ఐదు రోజుల కోర్సుకి ఆ భయం చాలా తక్కువ.

భీమవరం, నరసాపురం వైపు రొయ్యల రైతుల కుటుంబాల నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఇది నైట్రోఫ్యూరాన్ కదండీ, చెరువులో పడిందని తెలిస్తే కంటైనరే వెనక్కి పంపిస్తారు, అలాంటిది మనిషికి ఎలా ఇస్తారు?" చాలా సరైన ప్రశ్న. నైట్రోఫ్యూరాన్ల కుటుంబం మొత్తం రొయ్యల సాగులో నిషేధం, ఆ నిషేధిత జాబితాలో నైట్రోఫ్యూరాంటాయిన్ పేరు కూడా ఉంది, ఎగుమతికి ముందు ల్యాబులో వెతికే అవశేషాల్లో దీనిదీ ఒకటి. కారణం ఏమిటంటే, ఈ మందుల అవశేషాలు రొయ్య కండకి అంటుకుని చాలాకాలం ఉండిపోతాయి, వండినా పోవు, ఆ రొయ్య తినేవాళ్ళకి తాము ఒక మందు మింగుతున్నామని కూడా తెలియదు, ఏళ్ళ తరబడి అలా లోపలికి వెళితే క్యాన్సర్ భయం ఉంటుందన్న అనుమానం ఉంది. జబ్బు ఉన్న మనిషి, తెలిసి, లెక్క ప్రకారం, ఐదు రోజులు వేసుకుని ఆపేయడం వేరు. చెరువు విషయంలో మీ జాగ్రత్త నూటికి నూరు పాళ్ళు సరైనదే, దాన్ని వదలొద్దు. కానీ ఆ భయంతో చీటీలో ఉన్న నైట్రోఫ్యూరాంటాయిన్ మార్పించుకుని వేరే మందుకి వెళ్ళడం మాత్రం నష్టమే.

ఫాస్ఫోమైసిన్

ఒక్క సాచెట్, మూడు గ్రాముల పొడి, ఒక్కసారే. అర గ్లాసు చల్లటి నీళ్ళల్లో కలిపి వెంటనే తాగేయాలి, వేడినీళ్ళు వద్దు. రాత్రి అన్నం తిన్న రెండు మూడు గంటలకి, పడుకోబోయే ముందు ఒంటికి వెళ్ళొచ్చి తాగితే మందు తెల్లారేదాకా మూత్రాశయంలో నిలుస్తుంది.

పొద్దున్నే ఊడుపులకి వెళ్ళిపోయేవాళ్ళకి, మందు వేళకి వేసుకోవడం మర్చిపోయే పెద్దవాళ్ళకి ఇది ఎంత వీలో చెప్పక్కర్లేదు. చాలా మందులకి లొంగని ఈ. కోలై కూడా దీనికి ఇంకా లొంగుతోంది. అయితే ఖర్చు మామూలుగా నైట్రోఫ్యూరాంటాయిన్ కోర్సు మొత్తానికంటే ఎక్కువే అవుతుంది. ఫలితం కూడా కొంచెం తక్కువ. 2018లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఈ రెండిటినీ నేరుగా పోల్చి చూశారు, నెల తిరిగేసరికి నైట్రోఫ్యూరాంటాయిన్ వాడినవాళ్ళల్లో 70 శాతం మందికి పూర్తిగా తగ్గితే, ఒక్క డోసు ఫాస్ఫోమైసిన్ తాగినవాళ్ళల్లో 58 శాతం మందికి తగ్గింది. అందుకే రెండూ వాడగలిగిన మనిషికి నేను నైట్రోఫ్యూరాంటాయిన్ వైపే మొగ్గుతాను, ఐదు రోజులు మందు సరిగ్గా వేసుకోలేరని తెలిసినవాళ్ళకి ఫాస్ఫోమైసిన్ వైపు. దీనికీ అదే హద్దు, కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కి ఇది కాదు. ఇంకో మాట, తాగిన మర్నాడే మంట పోలేదని వెంటనే ఇంకో యాంటీబయోటిక్ మొదలుపెట్టకండి, తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

సెప్ట్రాన్

కో-ట్రైమాక్సజోల్ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు, సెప్ట్రాన్ అంటే మన అమ్మమ్మలకి కూడా తెలుసు. విదేశీ మార్గదర్శకాల్లో ఇప్పటికీ మూడు రోజుల కోర్సుగా మొదటి వరసలో ఉంటుంది, కాకపోతే ఒక షరతు పెడతారు: ఆ ప్రాంతంలో నూటికి ఇరవై కంటే ఎక్కువ క్రిములు దీనికి లొంగకుండా తయారైతే కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) చూడకుండా ఇవ్వకూడదని. మన దేశంలో ఈ. కోలై ఆ ఇరవైని ఎప్పుడో దాటేసింది. కాబట్టి కల్చర్ రిపోర్టులో లొంగుతుందని వస్తే చవకైన, మంచి మందు. రిపోర్టు లేకుండా మాత్రం వద్దు.

కోనసీమ వాళ్ళు దీని విషయంలో ఒకటి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఈ మందు రక్తంలో పొటాషియం పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్, గుండెకి స్పిరోనోలాక్టోన్ వాడేవాళ్ళల్లో అవీ పెంచుతాయి. దానికి తోడు మంట తగ్గాలని రోజుకి రెండు మూడు బొండాలు తాగితే, కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. మూడూ కలిస్తే, అందులోనూ పెద్దవయసు, కిడ్నీ అంతంతమాత్రం అయితే గుండె లయ తప్పేదాకా వెళ్ళొచ్చు. కొబ్బరినీళ్ళు మంచివే, ఈ మందు వాడే రోజుల్లో ఇలాంటివాళ్ళకి మంచివి కావు. ఇందులో ఉండే సల్ఫా పడనివాళ్ళు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి. గ్లిమిపిరైడ్ లాంటి సుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకి దీనితో సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పొక్కులు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

సిప్రో, నార్‌ఫ్లాక్స్, లీవో

మన ఊళ్ళల్లో మూత్రంలో మంటకి అలవాటుగా ఇచ్చేసే మందులివి, ఈ అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. విరోచనాలకి అవే, జ్వరానికి అవే, పుండుకి అవే, ఏళ్ళ తరబడి అలా వాడి వాడి మన పేగుల్లో ఉన్న ఈ. కోలైలో సగానికి పైగా వీటికి లొంగకుండా తయారయ్యాయి. అంటే మీరు వేసుకునే సిప్రో పనిచేస్తుందా లేదా అన్నది బొమ్మా బొరుసూ వ్యవహారం. ఇంట్లో మిగిలిన నార్‌ఫ్లాక్స్ టీజెడ్ వేసేసుకునేవాళ్ళు ఇంకొందరు. అది విరోచనాల కోసం టినిడజోల్ కలిపిన బిళ్ళ, మూత్రం మంటకి ఆ టినిడజోల్‌తో పనే లేదు, మిగిలిన నాలుగు బిళ్ళలు వేసి వదిలేస్తే క్రిమి చావదు, ఆ మందుకి అలవాటు పడుతుంది.

పక్క ప్రభావాలు కూడా తేలిక కాదు. మడమ వెనక నరం అని మనం అనే ఆ స్నాయువు వాచి తెగిపోవడం, అరికాళ్ళ తిమ్మిర్లు, నిద్రపట్టకపోవడం, సుగర్ పడిపోవడం ఇవన్నీ నమోదైనవే. అరవై దాటినవాళ్ళకి, స్టెరాయిడ్ వాడేవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వేరే మందు వాడే వీలున్నప్పుడు మామూలు మూత్రాశయం ఇన్‌ఫెక్షన్‌కి ఈ కుటుంబం మందులు వాడొద్దని స్పష్టంగా హెచ్చరించింది. పైగా ఇవి క్షయ మీద కూడా కొంత పనిచేస్తాయి కాబట్టి, లోపల క్షయ ఉన్న మనిషికి వేస్తే అది కొన్నాళ్ళు కప్పబడి ఆలస్యంగా బయటపడుతుంది. మన దేశంలో ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

మరి వీటి చోటు ఎక్కడ? కిడ్నీ కండలోకి, ప్రోస్టేట్‌లోకి బాగా వెళ్ళగలిగే బిళ్ళలు ఇవి. కల్చర్‌లో లొంగుతుందని వస్తే కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కి సిప్రో 500 రోజుకి రెండు చొప్పున ఏడు రోజులు, లేదా లీవోఫ్లాక్సాసిన్ 750 ఐదు రోజులు చక్కగా పనిచేస్తాయి. అలాంటి అవసరానికి దాచుకోవాల్సిన మందుని మామూలు మంటకి ఖర్చుపెట్టేస్తున్నాం. వాడాల్సి వస్తే పాలతో, పెరుగుతో, మజ్జిగతో వేసుకోవద్దు. ఐరన్ బిళ్ళకి, కాల్షియం బిళ్ళకి, గ్యాస్ సిరప్‌కి కనీసం రెండు గంటల ముందే ఇది వేసేసుకోవాలి, ఎందుకంటే అవి ఈ మందుని పట్టేసుకుని ఒంటబట్టనివ్వవు. మధ్యాహ్నం పెరుగన్నం తిని వెంటనే సిప్రో వేసుకుని "పనిచేయలేదండీ" అనేవాళ్ళు చాలామంది.

సెఫిక్సిమ్, ఆగ్మెంటిన్ రకాలు

టాక్సిమ్-ఓ, జిఫి అనే పేర్లతో మీకు తెలిసిన సెఫిక్సిమ్, అలాగే ఆగ్మెంటిన్ పేరుతో తెలిసిన అమాక్సిసిలిన్-క్లావ్యులనేట్ 625. మూత్రాశయం ఇన్‌ఫెక్షన్‌కి ఈ కుటుంబం నైట్రోఫ్యూరాంటాయిన్, ఫాస్ఫోమైసిన్‌లంత బాగా పనిచేయదని మార్గదర్శకాలన్నీ చెబుతాయి. దీనికి తోడు మన దగ్గర ఈ. కోలైలో చాలా వరకు ఈఎస్‌బీఎల్ అనే ఎంజైమ్ తయారుచేసుకుని సెఫిక్సిమ్‌ని ముక్కలు చేసేస్తోంది. సెఫిక్సిమ్ 2014 నుంచి హెచ్1 షెడ్యూల్లో ఉంది, అంటే అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. చీటీ లేకుండా ఇవ్వమని అడిగి, ఇవ్వలేదని కోప్పడేవాళ్ళు దయచేసి ఇది గమనించండి. 625 బిళ్ళకి విరోచనాలు బాగా పడతాయి, అన్నం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కొంత నయం. వీటి అసలు విలువ గర్భిణుల విషయంలో, ఆ సంగతి కింద చెబుతాను.

ఫారోపెనెమ్ అని ఇంకో ఖరీదైన బిళ్ళ ఈమధ్య చీటీల్లో కనిపిస్తోంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే మెరోపెనెమ్ ఇంజెక్షన్‌కి దగ్గరి బంధువు అది. కల్చర్ రిపోర్టు లేకుండా మొదటిసారి మంటకే అది రాశారంటే "ఇది తప్పనిసరా డాక్టర్‌గారూ, నైట్రోఫ్యూరాంటాయిన్ సరిపోదా?" అని మర్యాదగా అడగండి, అడిగితే తప్పులేదు.

కల్చర్ రిపోర్టు చేతికొచ్చాక

మొదటిసారి వచ్చిన, జ్వరం లేని మంటకి కల్చర్ లేకుండానే డాక్టర్లు మందు మొదలుపెట్టొచ్చు. మళ్ళీ మళ్ళీ వస్తున్నా, మొదటి మందుకి తగ్గకపోయినా, గర్భిణి అయినా, మగవాళ్ళయినా, జ్వరం ఉన్నా కల్చర్ చేయించాల్సిందే, అదీ యాంటీబయోటిక్ మొదటి డోసు పడకముందే. శుభ్రంగా కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టాలి. చాలామంది ఇంట్లో పట్టి, సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కి నరసాపురం దాకా ఆ ఎండలో సంచీలో పెట్టుకుని తీసుకెళతారు. రెండు గంటలు దాటితే బయటి వేడికి అందులో ఉన్న నాలుగు క్రిములే లక్షలై రిపోర్టు తప్పుగా వస్తుంది. ల్యాబుకి వెళ్ళి అక్కడే పట్టి ఇవ్వండి. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది.

రిపోర్టు ఎలా ఉంటుందో చూపిస్తాను, ఇది మన దగ్గర తరచూ కనిపించే తీరు. పైన "ఈ. కోలై, మిల్లీలీటరుకి 1,00,000 పైన" అని ఉంటుంది. కింద మందుల పట్టిక, ప్రతి పేరు ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. యాంపిసిలిన్ ఆర్, సెఫిక్సిమ్ ఆర్, సెఫ్ట్రియాక్సోన్ ఆర్, సిప్రో ఆర్, లీవో ఆర్, కో-ట్రైమాక్సజోల్ ఆర్. ఇక్కడిదాకా చూసేసరికి ఇంట్లో అందరికీ చెమటలు పడతాయి. ఇంకా కిందికి చూపు దించండి, అమికాసిన్ ఎస్, మెరోపెనెమ్ ఎస్, నైట్రోఫ్యూరాంటాయిన్ ఎస్, ఫాస్ఫోమైసిన్ ఎస్. అమికాసిన్, మెరోపెనెమ్ ఇంజెక్షన్లు. కింది రెండూ నోటి మందులు. జ్వరం లేని మనిషికి ఈ రిపోర్టు వస్తే, ఎన్ని ఆర్‌లు ఉన్నా ఐదు రోజుల బిళ్ళలతోనో ఒక సాచెట్‌తోనో నయమయ్యే కేసే ఇది, వారం రోజులు సూదులు పొడిపించుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. జ్వరంతో వణుకుతున్న మనిషికి ఇదే రిపోర్టు వస్తే కథ మారుతుంది, అక్కడ నైట్రోఫ్యూరాంటాయిన్ ఎదురుగా ఎస్ ఉన్నా లెక్కలోకి రాదు, ఇంజెక్షనే కావాలి. కాగితం అదే, చోటు మారితే మందు మారుతుంది.

ఏ బాధా లేకుండా మామూలు చెకప్‌లో క్రిములు కనిపించాయని మందు వాడొద్దు. పెద్దవాళ్ళల్లో, సుగర్ ఉన్నవాళ్ళల్లో ఇది మామూలే. గర్భిణులకి, మూత్రనాళం ఆపరేషన్‌కి ముందు తప్ప దానికి వైద్యం అక్కర్లేదు.

మనిషిని బట్టి

గర్భిణులకి బాధ లేకపోయినా క్రిమి కనిపిస్తే వైద్యం చేయాలి, వదిలేస్తే కిడ్నీకి ఎక్కి నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది. సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్ రకాలు, ఫాస్ఫోమైసిన్ సాచెట్ కల్చర్‌ని బట్టి ఇస్తారు. నైట్రోఫ్యూరాంటాయిన్ మధ్య నెలల్లో ఫరవాలేదు, కాన్పు దగ్గరపడ్డాక వద్దు. మొదటి మూడు నెలల్లో, మళ్ళీ చివర్లో సెప్ట్రాన్ వద్దు. సిప్రో కుటుంబం ఏ నెలలోనూ వద్దు. ఇంట్లో ఉన్న బిళ్ళ అస్సలు వేసుకోవద్దు, ఏఎన్ఎమ్‌కో ఆశా కార్యకర్తకో చెప్పినా చాలు, వాళ్ళు దారి చూపిస్తారు.

మగవాళ్ళకి వస్తే దాన్ని మామూలు మంటగా తీసుకోకూడదు, ప్రోస్టేట్ చూడాలి, ఏడు రోజులు వాడాలి, కల్చర్‌ని బట్టి సెప్ట్రాన్ గానీ సిప్రో గానీ ఎక్కువగా ఇస్తారు. పసిపిల్లలకి మూత్రం ఇన్‌ఫెక్షన్ అని అనుమానం వస్తే పిల్లల డాక్టర్ దగ్గరికే, అందులో ఎంచుకోవడాలేం లేవు. సుగర్ అదుపులో ఉన్న మహిళకి పైన చెప్పినవే వర్తిస్తాయి, అదుపులో లేకపోతే డాక్టర్ చూపులోనే వాడాలి. అరవై దాటినవాళ్ళు మందు రాయించుకునే ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి, ఆ ఒక్క అంకె లేకుండా నైట్రోఫ్యూరాంటాయిన్ ఇవ్వొచ్చో లేదో చెప్పలేరు.

పక్కన వాడే సిరప్, నీళ్ళు

మంటకి షాపుల్లో ఇచ్చే సిట్రేట్ సిరప్ మీకు తెలిసే ఉంటుంది, నీళ్ళల్లో కలుపుకుని తాగేది. మంట కాస్త తగ్గిస్తుంది గానీ క్రిమిని చంపదు. అది మూత్రంలో పులుపు తగ్గించేస్తుంది, నైట్రోఫ్యూరాంటాయిన్ పులుపున్న మూత్రంలోనే బాగా పనిచేస్తుంది. రెండూ ఒకే చీటీలో కనిపించడం మామూలైపోయింది. నైట్రోఫ్యూరాంటాయిన్ వాడే ఐదు రోజులూ ఆ సిరప్ పక్కన పెట్టవచ్చా అని డాక్టర్‌ని అడగండి. నొప్పికి పారాసెటమాల్ చాలు. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న గ్యాస్ మందులు కూడా నైట్రోఫ్యూరాంటాయిన్‌ని ఒంటబట్టనివ్వవు.

నీళ్ళ గురించి ఒక్క మాట. తక్కువ నీళ్ళు తాగే మహిళలు రోజూ మరో లీటరున్నర తాగితే మళ్ళీ మళ్ళీ రావడం బాగా తగ్గిందని 2018లో ఒక అధ్యయనంలో తేలింది. కానీ తెల్లవారుజామున ఊడుపులకి దిగి మధ్యాహ్నందాకా చేలో ఉండే ఆడవాళ్ళు, రొయ్యల షెడ్లలో గంటల తరబడి నిలబడి తలలు ఒలిచేవాళ్ళు నీళ్ళు తాగకపోవడానికి కారణం తెలియక కాదు, వెళ్ళడానికి చోటు లేక. గట్టు మీద ఎక్కడా మరుగు ఉండదు. షెడ్డు నడిపేవాళ్ళు, మేస్త్రీలు, రైతులు ఇది చదివితే అక్కడ ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, దానికి వెళ్ళొచ్చేంత విరామం ఏర్పాటు చేయండి, ఆ పని వల్ల తగ్గినంత జబ్బు మా షాపులో బిళ్ళలతో తగ్గదు.

ముట్లుడిగిన తర్వాత మాటిమాటికీ వస్తుంటే ప్రతిసారీ యాంటీబయోటిక్ వాడే బదులు ఈస్ట్రోజన్ క్రీమ్ గురించి గైనకాలజిస్ట్‌ని అడగండి, చాలామందికి అసలు మందు అదే అవుతుంది.

మందు మొదలుపెట్టాక రెండు రోజులకి మంట సగానికైనా తగ్గాలి. తగ్గకపోయినా, మధ్యలో జ్వరం వచ్చినా మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి కల్చర్ అడగండి, పక్కింటివాళ్ళకి పనిచేసిన బిళ్ళ అడగొద్దు. తగ్గిపోతే రాసిన రోజులు పూర్తిచేసి ఆపేయండి. తగ్గాక మళ్ళీ మూత్ర పరీక్ష గర్భిణులకి మాత్రమే అవసరం, మిగిలినవాళ్ళు దానికి డబ్బులు పెట్టక్కర్లేదు.